ఇంజనీరు రాసిన హత్యలు: సుజాత అపరాధ పరిశోధన నవలలపై ఒక పరిశీలన

అపరాధ పరిశోధన నవల అంటే మన తెలుగు శాఖలలో కొంత చిన్నచూపు ఉన్నమాట కాదనలేనిది. దిండు కింద దాచుకుని తెల్లవారేదాకా చదివినవారే మర్నాడు తరగతిలో దాని పేరెత్తరు. ప్రబంధంలోని వర్ణనలకు ఇచ్చే ఓపికలో పదోవంతు కూడా ఒక హత్య జరిగిన గది వర్ణనకు ఇవ్వము. ఈ వ్యాసంలో మేము తలపెట్టినది ఆ ఓపికను కాస్త ఇటు మళ్లించడం. అందుకు ఎంచుకున్న రచయిత తెలుగువాడు కాదు. తమిళ పాఠకులు ‘సుజాత’ అన్న పేరుతో నలభయ్యేళ్లకు పైగా చదివిన ఎస్. రంగరాజన్.

తెలుగు పీఠం వారి సంచికలో తమిళ రచయిత ఏమిటని కొందరు విద్యార్థులు అడగవచ్చు. మదురైలో, హోసూరులో, చెన్నైలో చదువుకుంటున్నవారు అడగరు. వారికి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కిరాణా కొట్టులో వేలాడే వారపత్రిక తమిళ వారపత్రిక. కాని మేము ఈయనను ఎంచుకున్నందుకు అంతకన్నా బలమైన కారణం ఒకటి ఉంది. సుజాత తన నవలలలో అధికభాగం తమిళదేశం వెలుపల కూర్చుని రాశారు. మొదట ఢిల్లీ, తర్వాత చాలాకాలం బెంగుళూరు. చుట్టూ మరో భాష వినిపిస్తుండగా తన భాషలో, తన ఊరి గురించి, వారం వారం రాయడం ఎలా ఉంటుందో తెలుసుకోవలసిన అవసరం బెంగుళూరులోని తెలుగు విద్యార్థికి ఉన్నంతగా గుంటూరులోని విద్యార్థికి ఉండదు.

ఆయన జీవిత విశేషాలు క్లుప్తంగా. 1935 మే 3న మద్రాసు తిరువల్లిక్కేణిలో పుట్టారు. బాల్యం శ్రీరంగంలో నాయనమ్మ పెంపకంలో గడిచింది. తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్ కళాశాలలో భౌతికశాస్త్రం, ఆపైన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రానిక్స్ చదివారు. అబ్దుల్ కలామ్ చదివినవీ ఆ రెండు విద్యాసంస్థలే. పౌరవిమానయాన శాఖలో ఉద్యోగం, ఆపైన బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ పరిశోధన విభాగం. 1960లలోనే ‘కుముదం’ పత్రికలో కథలు మొదలయ్యాయి. ఆ పత్రికలో అప్పటికే రా.కి. రంగరాజన్ అనే రచయిత ఉండటంతో పేర్లు కలిసిపోకుండా భార్య పేరును కలంపేరుగా పెట్టుకున్నారు. ఉద్యోగ విరమణ తర్వాత చెన్నై చేరి, చలనచిత్రాలకు విరివిగా సంభాషణలు రాశారు. మన పాఠకులలో చాలామంది ఆయన పేరు తెలియకుండానే ‘రోజా’, ‘భారతీయుడు’, ‘రోబో’ చిత్రాలలో ఆయన మాటలను తెలుగులో విని ఉంటారు. 2008 ఫిబ్రవరి 27న కన్నుమూశారు.

సాంకేతిక రంగంలో ఒక జీవితం గడిపి, రెండో జీవితంగా హత్యా రహస్యాలు రాసేవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. అమెరికాలో కీత్ రఫెల్ అనే ఆయన అప్‌షాట్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించి, 2003లో దానిని సీబెల్ సంస్థకు అమ్మి, 2006లో ‘డాట్ డెడ్’ అనే నవల వెలువరించారు. అందులో హత్య జరిగేది సిలికాన్ వ్యాలీలో, అంటే ఆయన సంస్థ నడిపిన చోటనే. అక్కడ ఒక జీవితం ముగిసిన తర్వాత మరొకటి మొదలైంది. సుజాత విషయంలో అలా కాదు. పగలు సర్క్యూట్ పటాలు, రాత్రి ధారావాహికలు. రెండూ ఒకే కాలంలో, ఒకే బల్లమీద కాకపోయినా ఒకే బుర్రలో నడిచాయి. ఈయన సొంత సంస్థ పెట్టినవారు కారు, ప్రభుత్వరంగ సంస్థలో జీతగాడు. అందువల్ల అమ్మేసి బయటపడే వీలు లేదు. ఆ జమిలి జీవితం నవలలకు ఏమి ఇచ్చింది, ఏమి తీసుకుపోయింది అన్నదే మా ప్రశ్న.

ఆయన పగటి పనిలో చెప్పుకోదగ్గది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం. దాని తొలి రూపాన్ని హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేయగా, తర్వాత భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా చేరింది. అక్కడ ఆ యంత్రం రూపకల్పనను, తయారీని పర్యవేక్షించినవారు రంగరాజన్. 1982 మేలో కేరళలోని పరూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో ఆ యంత్రాన్ని తొలిసారి వాడారు. చట్టంలో చోటు లేని పద్ధతి అని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టివేసింది. 1988 డిసెంబరులో చట్టాన్ని సవరించారు. 2004 నాటికి గాని లోక్‌సభ స్థానాలన్నిటా యంత్రాలు రాలేదు. ఆ యంత్రంలో ఒక ఏర్పాటు ఉంది. ‘క్లోజ్’ మీట నొక్కిన తర్వాత ఇక ఓటు పడదు. ‘క్లోజ్’ నొక్కనిదే ‘రిజల్ట్’ మీట పనిచేయదు. పరిశోధన నవలకు ఇంతకన్నా మంచి లక్షణవాక్యం మాకు కనబడలేదు. ఆధారాలన్నీ పాఠకుడి ముందు పెట్టి, ఇక కొత్తవి చేర్చనని తలుపు మూసిన తర్వాతనే రచయిత ఫలితం చెప్పాలి. మన తెలుగు డిటెక్టివ్ నవలలు చాలా వాటిలో ఫలితం చెప్పేటప్పుడే, అప్పటిదాకా మనం వినని ఒక కవల సోదరుడు ఊడిపడతాడు. సుజాత ఈ నియమాన్ని అన్నివేళలా పాటించారని చెప్పలేము గాని, పాటించనప్పుడు తాను తప్పుతున్నానని తెలిసే తప్పారని వాక్యాల తొందరను బట్టి గ్రహించవచ్చు.

ఆయన పరిశోధకులు గణేశ్, వసంత్ అనే ఇద్దరు న్యాయవాదులు. 1968లో ‘కుముదం’లో వచ్చిన ‘నైలాన్ కయిరు’లో, అంటే నైలాన్ తాడు నవలలో, గణేశ్ ఒక్కడే కనబడతాడు. వసంత్ తర్వాత చేరాడు. వీరి ఆఫీసు చెన్నై హైకోర్టు దగ్గరి తంబుచెట్టి వీధిలో. పరిశోధకుడిని డిటెక్టివ్‌గా గాక వకీలుగా నిలపడం తెలివైన పని. మన దేశంలో హత్య జరిగితే ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరకు ఎవరూ పోరు. ఆస్తి తగాదా వస్తే మాత్రం వకీలు దగ్గరకు అందరూ పోతారు. వీలునామా, సంరక్షకత్వం, కౌలు, విడాకులు, ఇవి పట్టుకుని వచ్చిన కక్షిదారు వెనుకనే హత్య వస్తుంది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌కు ఈ సదుపాయం లేదు. ఆయన, అసిస్టెంటు రాజు మనకు ఎంత ఆత్మీయులైనా, ఫలానా వ్యక్తి తిన్నగా వారి దగ్గరకే ఎందుకు వచ్చాడన్నది ప్రతిసారీ మనం మన్నించవలసిన విషయమే.

గణేశ్ తర్కం, వసంత్ చమత్కారం. వసంత్ చాలా నవలలలో మెక్సికో చాకలామె గురించిన ఒక హాస్యకథ మొదలుపెడతాడు, ఎన్నడూ పూర్తి చేయడు. తమిళ పాఠకులలో అదొక సామెత స్థాయికి పోయింది. కాని వసంత్ ఆడవారిని చూసే చూపు, వారి గురించి చేసే వ్యాఖ్యలు ఈనాడు చదివితే విసుగు పుట్టిస్తాయి. వ్యంగ్యమని సరిపెట్టడానికి వీలులేనంత తరచుగా వస్తాయి. యువ పాఠకులను పత్రికకు కట్టిపడేసే ఎర అది. ఆ ఎరకు కట్టిన వెల స్త్రీపాత్రలదే. కొన్ని నవలలలో హతురాలి గురించి మనకు తెలిసేది ఆమె వేసుకున్న బట్టల వరకే.

ఇక ‘కొలైయుదిర్ కాలం’. తమిళంలో ‘ఇలైయుదిర్ కాలం’ అంటే ఆకురాలు కాలం. ఆకు ఉన్నచోట హత్యను పెట్టి రచయిత ఆ పేరు కల్పించారు. లీనా అనే అమ్మాయి పేర పెద్ద ఆస్తి, దానిని చూస్తున్న బంధువు, తోటలో పాత బంగళా, రాత్రిళ్లు కనబడే రూపాలు. దయ్యమా, ఎవరైనా చేస్తున్న మోసమా అన్నది వాదం. గణేశ్ శాస్త్రం పక్షం, వసంత్ దయ్యం పక్షం. కాంతికిరణాలతో గాలిలో బొమ్మను నిలిపే హోలోగ్రామ్ పద్ధతి సామాన్య పాఠకుడు పేరైనా విని ఉండని రోజుల్లో, దానిని కథలోకి తెచ్చి, ఒక వారపత్రిక పాఠకుడికి అర్థమయ్యేలా చెప్పగలగడం పగటి ఉద్యోగం ఇచ్చిన బలం.

దాదాపు ఆ కాలంలోనే తెలుగులో యండమూరి వీరేంద్రనాథ్‌గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చింది. విద్యార్థులు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలని మా సూచన. అక్కడ కూడా ఒక ఆడపిల్ల పేర ఆస్తి. ఆ పిల్ల లేకపోతే అది ఇతరులకు దక్కుతుందన్న షరతు. మంత్రమా, మానసిక వైద్యానికి అందే విషయమా అన్న వాదం. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు, ఈయన ఇంజనీరు. ఇద్దరూ సాహిత్య పట్టాలు లేకుండా వచ్చి వారపత్రికల అమ్మకాలను మార్చినవారే. భేదం ఒకచోట ఉంది. ‘తులసిదళం’లో భయం ముందు, వివరణ తర్వాత, వివరణ చదివిన పాఠకుడికి కూడా భయమే గుర్తుంటుంది. క్షుద్రవిద్యలపై నమ్మకాన్ని పెంచిందని ఆ నవలపై వచ్చిన విమర్శకు మూలం ఈ పాళ్ల తేడాయే. ‘కొలైయుదిర్ కాలం’లో గణేశ్ మొదటినుంచీ భయంతో వాదిస్తూనే ఉంటాడు. సందేహం పాఠకుడికి తోడుగా నడుస్తుంది. కన్నడ దేశంలోని విద్యార్థులకు ‘తులసిదళం’ కన్నడ అనువాదం కూడా దొరుకుతుంది కనుక పోలిక మరింత సులువు.

అయినా ‘కొలైయుదిర్ కాలం’ ఈనాడు చదువుతున్నప్పుడు ఒక ఇబ్బంది తప్పదు. హోలోగ్రామ్ ఇప్పుడు బ్యాంకు కార్డు మీద, మందు డబ్బా మీద అంటించి వస్తోంది. పాఠకుడు రచయితకన్నా ముందే నడుస్తాడు. యంత్రం మీద నిలిపిన రహస్యానికి ఇదే ముప్పు. యంత్రం పాతబడిన రోజున రహస్యమూ పాతబడుతుంది.

‘కరైయెల్లాం షెన్బగప్పూ’కు ఆ ముప్పు రాలేదు. ఏటిగట్టంతా సంపెంగలు అని దాని అర్థం. ‘ఆనంద వికటన్’లో ధారావాహికగా వచ్చింది, 1981లో సినిమా అయింది. కల్యాణరామన్ అనే పట్నం యువకుడు జానపద గేయాలు సేకరించడానికి తిరునిలం అనే పల్లెకు వచ్చి, పాత జమీను బంగళాలో దిగుతాడు. వెళ్లి అనే పల్లెపడుచు, ఆమె మేనబావ, జమీను వంశానికి చెందిన స్నేహలత, ఆపైన ఒక హత్య. హంతకుడెవరో మేము చెప్పబోము. విమర్శకుడికి అంతమాత్రం మర్యాద ఉండాలి. మాకు ముఖ్యమైనది కల్యాణరామన్ పని. అతను పాటలు ‘సేకరిస్తాడు’. పల్లెవారికి అవి సేకరించదగినవని తెలియదు. అతని చేతిలో టేప్ రికార్డరు, వారి నోట పాట. అతను పాటలోని మాటల అర్థాలు అడుగుతాడు గాని, ఊరిలోని మనుషులు ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోవడం లేదో అడగడు. హత్య జరిగాక గాని ఆ రెండో ప్రశ్న అతనికి తట్టదు. మన విశ్వవిద్యాలయాలలో జానపద విజ్ఞానం చదివి క్షేత్రపర్యటనకు వెళ్లే ప్రతి విద్యార్థి ఈ నవల చదవవలసినదేనని మా అభిప్రాయం. పద్ధతుల గురించిన పాఠ్యగ్రంథాలలో లేని ఒక జాగ్రత్త ఇందులో ఉంది.

ఇందులో ఇంజనీరు ఎక్కడ ఉన్నాడు? యంత్రాల వర్ణనలో కాదు, కొలతలో. బంగళాకు ఏటికి ఎంత దూరం, ఏ గది కిటికీ ఎటు తెరుచుకుంటుంది, దీపం ఎక్కడినుంచి కనబడుతుంది, ఇవి తప్పవు. ప్రకృతి వర్ణన పేరిట ఒక్క వాక్యం అదనంగా ఉండదు. వాక్యాలు పొట్టివి. మెట్లు దిగాడని చెప్పవలసి వస్తే ఆ క్రియాపదంలోని అక్షరాలనే మెట్లుమెట్లుగా పేర్చి అచ్చువేయించిన రచయిత ఈయన. ఆ చిలిపితనం అందరికీ నచ్చదు గాని, వచనం కూడా ఒక పరికరమేనని నమ్మినవాడి చిలిపితనం అది.

ప్రాంతీయ అపరాధ నవల అంటే ఏమిటి? ఊరిపేర్లు, మాండలికం, రెండు పిండివంటలు వేస్తే చాలదు. మేము వాడే పరీక్ష ఒకటే. కథను ఎత్తి మరో ఊరిలో పెట్టి చూడండి. రహస్యం అక్కడ కూడా విడితే, అది ఆ ఊరి నవల కాదు. ‘కొలైయుదిర్ కాలం’ ఏ తోట బంగళాలోనైనా జరుగుతుంది. ‘ప్రియ’ అనే గణేశ్ నవల లండనులో జరిగితే, 1978లో రజనీకాంత్‌తో తీసిన సినిమాకు దానిని సింగపూరుకు మార్చారు. కథకు పెద్దగా దెబ్బ తగలలేదంటేనే కథలో లండను ఎంత ఉన్నదో తెలుస్తోంది. తిరునిలాన్ని అలా మార్చలేము. యుగంధర్ నవలలకు మద్రాసు నేపథ్యం. కాని ఆ మద్రాసు కార్లు, హోటళ్లు, పోలీసు స్టేషన్ల మద్రాసు. అక్కడి తెలుగువారి వీధులు, వారి ఇళ్లలోని రెండు భాషల మాట మాకు వాటిలో వినబడలేదు. ఆరుద్ర అంతటివారు పరిశోధన నవలలు రాసి, ‘పలకల వెండిగ్లాసు’ వంటి పేర్లు పెట్టి వాటికి ఒక ఇంటివాసన తెచ్చారు. ఆ దారిన నడిచినవారు తక్కువ.

సుజాత దోషాలలో మరొకటి వారపత్రిక తొందర. ప్రతి వారం చివర ఒక ఉలికిపాటు కావాలి. పదిహేను వారాలు ఓపికగా కట్టిన గోడను చివరి వారంలో ఒక పొడుగాటి సంభాషణతో కూల్చేసిన నవలలు ఉన్నాయి. పత్రికకు బయటినుంచి వచ్చే ఒత్తిడి కూడా తక్కువది కాదు. 1857 తిరుగుబాటు నేపథ్యంగా ‘కుముదం’లో మొదలుపెట్టిన ‘కరుప్పు సివప్పు వెళుప్పు’ను ఒక వర్గం ఆగ్రహించడంతో ఆపవలసి వచ్చి, తర్వాత ‘రత్తం ఒరే నిఱం’ అనే పేరుతో మళ్లీ రాశారు. నిజమైన ఊరిని, నిజమైన కులాన్ని పేరుపెట్టి రాస్తే ఏమవుతుందో ఆయనకు అనుభవంలో ఉంది. తిరునిలం ఏ పటంలోనూ లేని ఊరు కావడానికి అదే కారణమని మేము అనము. కాని కల్పిత గ్రామం ఇచ్చే రక్షణ రచయితలందరికీ తెలిసినదే.

మన వైపు చూద్దాం. తెలుగు మాతృభాషగా గల కి. రాజనారాయణన్‌గారు, కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామస్థులు, 2021లో కీర్తిశేషులైనవారు, 1976లో ‘గోపల్ల గ్రామం’ రాశారు. తెలుగుదేశం నుంచి తరలివెళ్లి తమిళనాట స్థిరపడిన కమ్మవారి కథ అది. పరిశోధన నవలగా దానిని ఎవరూ లెక్కించరు. అయితే అందులో ఒక హత్య ఉంది. నగల కోసం దొంగ ఒక చూలాలిని నీటిలో ముంచి చంపుతాడు. ఆమె చనిపోతూ వాడి కాలి బొటనవేలిని పళ్లతో పట్టుకుని వదలలేదు. దానితో వాడు దొరికిపోయాడు. డిటెక్టివ్ లేడు, వేలిముద్రల నిపుణుడు లేడు. చెరువు, దాహం, ఊరి తీర్పు ఉన్నాయి. మన పూర్వుల వలస జీవితంలోని ఈ హత్య తమిళ సాహిత్యానికి చేరింది. తెలుగులో మనం మాత్రం యుగంధర్ కారు వెంట పరుగెత్తాము. కోపంతో కాదు, కొంచెం బెంగతో ఈ మాట అంటున్నాము.

యానాం తీసుకోండి. 1954 దాకా అది ఫ్రెంచివారి ఏలుబడి. 1930లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం అమలులోకి రాగానే, చుట్టుపక్కల జిల్లాలనుంచి బాల్యవివాహాలు చేయడానికి జనం యానాం వచ్చేవారు. ఒక పెళ్లి, ఒక ఫ్రెంచి రిజిస్టరు, ఏటికి ఆవల చెల్లని తేదీ, దానిమీద ఆధారపడిన వారసత్వం. ఈ రహస్యం కాకినాడలో పుట్టదు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. గనిలో దిగిన కుటుంబాలలో తెలుగువారూ ఉన్నారు. షోలాపూరు పద్మశాలీల మగ్గాల వీధిలో లెక్క తెలుగులో, బేరం మరాఠీలో. ఒక చీటీలో ఏ భాషలో ఏ అంకె రాశారన్నదే ఆధారం కావచ్చు. బరంపురంలో, హోసూరులో పెరిగినవారికి ఇటువంటివి మాకన్నా ఎక్కువ తెలుసు. సుజాత బెంగుళూరులో కూర్చుని శ్రీరంగం వీధులను ‘శ్రీరంగత్తు దేవదైగళ్’ కథలలో ఇంటింటా గుర్తుపెట్టుకుని రాశారు. ఇక్కడి మన పిల్లలు ఎన్నడూ చూడని విజయవాడ వీధులలో కథలు పెట్టి మా పోటీలకు పంపుతున్నారు. విజయవాడలో బస్సు దిగినవాడు ఎటు నడవాలో ఆ కథలలో ఎవరికీ తెలియదు.

ఇక ఏది ముందు చదవాలని అడిగేవారికి: ‘కరైయెల్లాం షెన్బగప్పూ’ ముందు, ‘కొలైయుదిర్ కాలం’ తర్వాత, ఆ రెంటి మధ్య ఆయన ‘నగరం’ అనే చిన్న కథ. జ్వరంతో ఉన్న కూతురిని పల్లెనుంచి మదురై పెద్దాసుపత్రికి తెచ్చిన తల్లి కథ అది. హత్య లేదు, పరిశోధకుడు లేడు. చీటీలు, వరుసలు, గది నంబర్లు ఉన్నాయి, ఒక పిల్ల ప్రాణం ఉంది. దోషి ఎవరో పాఠకుడే తేల్చుకోవాలి. మదురై విద్యార్థులు దీనిని తమిళంలోనే చదవాలి. తమిళ లిపి రానివారు వచ్చినవారిచేత పైకి చదివించుకుని వింటే, ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం వినే చెవికి సగానికి పైగా అందుతుంది; మిగిలిన సగం కోసం లిపి నేర్చుకోవడానికి ఒక వేసవి సెలవు చాలు.